ముప్పై ఎత్తులు

జీవిత రాష్ట్ర చాంపియన్ అయిన ఎండాకాలం మా ఇంట్లో ఎవరూ మిఠాయి పంచలేదు. నారాయణఖేడ్ నుంచి పత్రికకు వార్తలు పంపేది నేనే కాబట్టి ఆ వార్త కూడా నేనే రాశాను. పాప పేరు, వయసు తొమ్మిదేళ్లు, పదమూడేళ్లలోపు వాళ్ల పోటీ, ఆడిన ఆటలన్నీ గెలిచింది, శిక్షకుడు ఫలానా. ఆఖరి ఆట ఎవరి మీద గెలిచిందో రాయలేదు. డెస్కులో ఎవరూ అడగలేదు.

మా ఇల్లు చర్చి వెనక గల్లీలో ఉంది. పక్క ఇల్లు ఫకీర్ మియాది. ఆయనకు బస్టాండ్ దగ్గర పంక్చర్ దుకాణం. రెండిళ్ల పెరళ్ల మధ్య గోడ, గోడకు ఒక చెక్క తలుపు. జీవిత పుట్టినప్పుడు నా భార్య సలోమికి రక్తం ఆగక బీదర్ దవాఖానలో ఉంచారు. పిల్లను మా అమ్మ అక్కమ్మ ఇంటికి తెచ్చింది. డబ్బా పాలు పట్టిస్తే కక్కేసేది. ఫకీర్ మియా భార్య అఖ్తర్ బేగం అప్పటికి తన కూతురు జైనబ్‌కు ఇంకా పాలిస్తోంది. జైనబ్‌కు ఏడాదిన్నర. అఖ్తర్ బేగం జైనబ్‌ను మాన్పించి జీవితను రొమ్ముకు పట్టుకుంది. మాటిమాటికీ గల్లీ చుట్టి రాకుండా గోడకు తలుపు పెట్టించింది అప్పుడే. సలోమి కోలుకుని వచ్చాక కూడా ఆ పాలు సాగాయి. అందుకే జీవితకు సలోమి మమ్మీ, అఖ్తర్ బేగం అమ్మీ, జైనబ్ ఆపా.

వాళ్లలో పాలిచ్చినామె తల్లి కిందే లెక్క. ఆ పాలకు హక్కు ఉంటుంది. పాలు తాగిన బిడ్డ ఆ హక్కు తీర్చాలి, లేదా ఇచ్చినామె మాఫ్ చేయాలి. ఇది మాకూ తెలుసు. అఖ్తర్ బేగం మాత్రం ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

పిల్లలిద్దరికీ చదరంగం నేర్పింది ఫకీర్ మియా. గిరాకీ లేనప్పుడు దుకాణంలో గుడ్డ పరిచి కూర్చోబెట్టేవాడు. ఆయనది పాత పద్ధతి. బంటు మొదటిసారి కూడా ఒక్క గడే కదిలేది. తరువాత బడిలో పి.ఇ.టి. సుధాకర్ పోటీల నియమాలు నేర్పాడు. ఆ ఎండాకాలం నాటికి ఫకీర్ మియా ఇద్దరిలో ఎవరితోనూ ఆడడం లేదు. “నాకు బీపీ ఉన్నది” అనేవాడు.

ఈస్టర్ అయిపోయిన వారం. పెరట్లో జీవిత గిన్నెలు తోముతోంది. గోడ అవతల జైనబ్ బట్టలు పిండుతోంది. మా అమ్మ మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

“ఆపా, ఒంటె సీ ఫోర్.”

“గుర్రం ఎఫ్ సిక్స్.”

“బంటు డీ త్రీ.”

“ఏందే, గిన్నెలు తోముతున్నవా, వాటిని తిడుతున్నవా?” అంది మా అమ్మ.

“ఆడుతున్నం నానమ్మా.”

“పలక లేదు, పావుల్లేవు. ఏం ఆడుతుండ్రో ఆ యేసయ్యకే తెల్వాలె.”

గోడ అవతల బట్టలు పిండే చప్పుడు ఆగింది. తరువాత జైనబ్ గొంతు వినిపించింది. “జర ఆగు. నా మంత్రి దిక్కు ఏనుగు యాడున్నది?”

“ఏ ఎయిట్‌ల. ఇంతవరకు కదలలే.”

“నావి గూడ యాదుంటయా నీకు?”

“నీవి, నావి ఏంది ఆపా. అన్నీ ఒక్కదాంట్లనే ఉన్నయ్ గద.”

జైనబ్ నవ్వింది. పదకొండేళ్ల పిల్ల. జీవిత కంటే నిదానంగా ఆడేది, కానీ ఒకసారి చేసిన తప్పు మళ్లీ చేసేది కాదు. సుధాకర్ నాతో ఒకసారి అన్నాడు. “జైనబ్‌కు నేను నేర్పుత సార్. జీవితకు నేను నేర్పేదేం లేదు. నేను చెప్పకముందే ఆ పిల్ల ఆడ ఉంటది.”

రాష్ట్ర పోటీ మేలో సంగారెడ్డిలో జరుగుతుందని చెప్పడానికి సుధాకరే ఇంటికి వచ్చాడు. మొదటి రెండు స్థానాల వాళ్లు జాతీయ పోటీకి పోతారు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బడి ఆ ఇద్దరినీ పదో తరగతి దాకా చదివిస్తానంది. హాస్టలు, పుస్తకాలు, శిక్షణ, అన్నీ వాళ్లవే.

ఆ మాట చెప్పడానికి నేను ఫకీర్ మియా దుకాణానికి పోయాను. ఆయన అప్పటికే విన్నాడు. ట్యూబును తొట్లో ముంచి బుడగ ఎక్కడ వస్తుందో చూస్తున్నాడు.

“బడి తెరిసేటాళ్లకు జైనబ్‌ను బీదర్ పంపుతున్న తిమోతీ” అన్నాడు.

“ఆరు పాసైంది గద భాయ్. ఏడుల చేర్పియ్యవా?”

“మా అక్కకు చెయ్యి కాలు పడిపోయినయ్. నోట్ల ముద్ద పెట్టేటోళ్లు లేరు. మా అమ్మ పోయినంక నన్ను సాదింది ఆమెనే. ఎవల్ని పంపాలె?”

“ఆడ బడి ఉండదా?”

“ముసలామెను దొడ్డికి తీస్కపోవాలె, తానం పొయ్యాలె, బట్టలు మార్వాలె. బడి యాడ అయితది?”

“హైదరాబాద్ సీటొస్తే?”

ఆయన ట్యూబు బయటికి తీసి బుడగ వచ్చిన చోట చాక్‌పీసుతో గీశాడు. “వస్తే పంపుత. అఖ్తర్‌కు మాటిచ్చిన. అక్కకు ఇంకోదారి చూస్త. రాకపోతే మాత్రం నన్ను ఎవ్వరు అడగొద్దు. నువ్వు గూడ అడగొద్దు.”

సంగారెడ్డికి మేం అయిదుగురం పోయాం. ఇద్దరు పిల్లలు, సలోమి, అఖ్తర్ బేగం, నేను. సుధాకర్ ముందే పోయాడు. మిషన్ హాస్టల్లో పిల్లలు సెలవులకు ఇళ్లకు పోవడంతో రెండు గదులు ఇచ్చారు. పోటీ ఒక ఫంక్షన్ హాల్లో. కుర్చీలో కూర్చుంటే జీవిత కాళ్లు నేలకు అందవు. ఎదురుగా కూర్చునే పిల్లలు ఆమెకంటే జానెడు ఎత్తు. కూర్చునేటప్పుడు వాళ్లు నవ్వేవాళ్లు. లేచేటప్పుడు కొందరు ఏడ్చేవాళ్లు. వాళ్ల తల్లులు వచ్చి జీవితను చూసి పోయేవాళ్లు. ఒకామె సలోమిని అడిగింది. “ఏం పెడతరమ్మా మీ పాపకు?”

“జొన్న రొట్టె” అంది సలోమి.

జైనబ్ మొదట్లోనే ఒక ఆట ఓడింది. తరువాత ఒక్కొక్కటే గెలుచుకుంటూ పైకి వచ్చింది. ఆట అయిపోగానే బయటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, కళ్లు మూసుకుని, ఆడిన ఆట మళ్లీ ఆడుకునేది. అఖ్తర్ బేగం పక్కన కూర్చుని తస్బీ పూసలు తిప్పుతూ జపం చేసేది. ఆమెకు ఆట రాదు. ఏ పావు పేరేమిటో కూడా తెలియదు.

ఆఖరి ఆటకు ముందు రోజు సాయంత్రం జతల కాగితం గోడకు అంటించారు. మొదటి బల్ల మీద జీవిత, జైనబ్.

సుధాకర్ మమ్మల్ని పక్కకు తీసుకుపోయి చెప్పాడు. జీవితకు భయం లేదు. ఏమైనా ఆమె మొదటి ఇద్దరిలో ఉంటుంది. జైనబ్ ఓడితే ఆమె వెనకే ఉన్న వరంగల్ పిల్ల ముందుకు వస్తుంది. ఓడకుండా డ్రా అయితే జైనబ్‌ది రెండో స్థానం.

“డ్రా అంటే?” అంది అఖ్తర్ బేగం.

“ఇద్దరు సమానం అన్నట్టు. చెయ్యి కలిపి లేస్తరు.”

“రాజీ” అంది ఆమె.

“గట్లనే అనుకోండ్రి.”

హాస్టల్ వరండాలో గ్యాసు పొయ్యి ఉంది. ఇంకా వెలుతురు పోలేదు. సలోమి బియ్యం కడుగుతోంది, అఖ్తర్ బేగం ఉల్లిగడ్డలు కోస్తోంది. పిల్లలు ఆవరణలో తాడాట ఆడుతున్నారు. అఖ్తర్ బేగం కోయడం ఆపి చాకు పళ్లెంలో పెట్టింది.

“సలోమీ, తిమోతీ భాయ్ గూడ ఈన్నే ఉన్నడు. ఒక మాట అడుగుత. కాదనొద్దు.”

“అడుగక్కా.”

“గిన్నేండ్లల నేను పాల మాట ఎత్తలే. గియ్యాల ఎత్తుతున్న. రేపు జీవిత నా బిడ్డతోని రాజీ కావాలె. ఓడుమంటలేను. మీ బిడ్డది మీ బిడ్డకుంటది. రాజీ అయితే సాలు.”

సలోమి తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. “గింతేనా అక్కా? ఇంత దానికి పాల మాట ఎందుకు? అది నీ బిడ్డ కాదా?”

“నా బిడ్డనే. అందుకే అడిగిన.”

సలోమి నావైపు చూసింది. నేను తల ఊపాను. మా వైపు పొలం గెట్టు తగాదా అయినా, అన్నదమ్ముల పంచాయితీ అయినా, పెద్దలు కూర్చుని ఇరుపక్షాల చేతులు కలిపిస్తే అది తెగినట్టే. ఆ తరువాత ఎవరూ మాట తప్పరు. అట్లాంటివి నేను చాలా చూశాను. ఇదీ అట్లాగే తెగిందనుకున్నాం.

సుధాకర్‌ను అడిగితే అటూ ఇటూ చూశాడు. “పెద్దపెద్ద ఆటగాళ్లే ఆఖరి ఆట డ్రా చేస్కుంటరు సార్. మీరు మీరు అనుకోండ్రి. నన్ను మాత్రం అడిగినట్టు చెప్పకుండ్రి.”

అన్నాలు తినేటప్పుడు సలోమి జీవితకు చెప్పింది. “రేపు ఆపాతోని డ్రా చేస్కోవాలె. ఆపా చెయ్యి చాపుతది. నువ్వు గూడ చాపాలె.”

“ఆపావి నల్లవి” అంది జీవిత.

“ఏవైతే ఏంది. నేను చెప్పింది విన్నవా?”

జీవిత తల ఊపింది.

“నోటితోని చెప్పు.”

“సరే మమ్మీ.”

 జైనబ్ తన పళ్లెంలో ఉన్న గుడ్డు సగం జీవిత పళ్లెంలో వేసింది.

తెల్లవారి పిల్లలను లోపలికి పిలవడానికి ముందు ప్రధాన ఆర్బిటర్ మైకులో ఒక నియమం చదివాడు. ముప్పై ఎత్తులు పూర్తికాకుండా డ్రాకు ఒప్పుకోవడం కుదరదు. ఈ నియమం మొదటి రోజే చదివారట. అప్పుడు మాకు దానితో పని లేదు కాబట్టి వినలేదు.

సుధాకర్ జనం మధ్య నుంచి మా దగ్గరకు వచ్చాడు. “ముప్పై ఎత్తులు ఆడాలె. ఒకే ఎత్తు తిప్పితిప్పి వేస్తే ఆర్బిటర్ ఊకోడు. కూడబలుక్కున్నరని ఇద్దర్ని తీసేస్తడు.”

“ఏం గాదు” అంది జైనబ్. జీవిత వైపు తిరిగింది. “ముప్పై దాంక ఉత్తగ ఆడదం. నేను జర గుర్రాన్ని తిప్పుత, జర ఏనుగును తిప్పుత. నువ్వు గూడ గట్లనే చెయ్యి. ముప్పై కాంగనే చెయ్యి చాపుత.”

“ఉత్తగ ఎట్ల ఆడుతరు ఆపా?”

“ఆడినట్టు ఆడుడు. ఇంట్ల ఆడుతం గద.”

“ఇంట్ల ఉత్తగ ఆడుతలేను.”

“జీవితా” అంది సలోమి.

“సరే అన్న గద” అంది జీవిత.

తల్లిదండ్రులను బయటే ఆపేశారు. విలేకరి కార్డు ఉంది కాబట్టి నన్ను లోపలికి రానిచ్చారు. మొదటి బల్లకు నాలుగడుగుల దూరంలో తాడు కట్టారు. తాడు ఇవతల నిలబడ్డాను. ఎత్తులు చదవడం నాకు వచ్చు. పిల్లలతో తిరిగి వచ్చింది.

మొదట ఇద్దరూ గబగబా ఆడారు. రాజులను మూలలకు చేర్చుకున్నారు. ఆ తరువాత జైనబ్ చెప్పినట్టే చేసింది. ఏనుగును ఒక గడి జరిపింది, మళ్లీ వెనక్కి తెచ్చింది. ఒంటెను తీసి ఇంకోచోట పెట్టింది. జీవిత కూడా అట్లాగే ఒకటి జరిపి ఒకటి తెచ్చింది. మధ్యలో జైనబ్ ఫ్యాను వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. కిటికీ బయట అఖ్తర్ బేగం బుర్ఖా అంచు కనిపిస్తోంది. పక్క బల్లల దగ్గర పిల్లలు చెంపలకు చేతులు ఆనించి ఆలోచిస్తున్నారు. వీళ్లిద్దరూ కాగితం మీద ఎత్తు రాసుకుంటూ, తీరికగా ఉన్నారు.

ముప్పైకి ఇంకా మూడు ఉన్నాయనగా జైనబ్ తన రాజు ముందున్న గుర్రాన్ని తీసి మధ్యలోకి వేసింది. అప్పటిదాకా వేసినట్టే వేసింది. కాగితం మీద రాసుకుంది. గడియారం నొక్కింది.

జీవిత చేయి చాపలేదు. రెండు చేతులు తొడల కింద పెట్టుకుంది. చిన్నప్పుడు ఫకీర్ మియా చేయించిన అలవాటు అది, తొందరపడి పావు ముట్టకుండా. ఆమె జైనబ్ వైపు చూడడం లేదు. గుర్రం పోయిన గడి వైపు చూస్తోంది. గడియారంలో ఆమె టైం పోతోంది. జైనబ్ ముందు గమనించలేదు. తరువాత తలెత్తి జీవితను చూసింది, పలకను చూసింది. అట్లా చూస్తూ ఉండిపోయింది.

జీవిత ఒంటెతో రాజు పక్కనున్న బంటును కొట్టింది.

జైనబ్ ఆ ఒంటెను రాజుతో తీసుకుంది. తీసుకోక తప్పదు. జీవిత గుర్రం దూకింది. జైనబ్ రాజు పక్కకు పోయింది. ఇద్దరూ కాగితాల మీద రాసుకున్నారు. జీవిత మంత్రిని బయటికి తెచ్చింది. జైనబ్ ఒక ఎత్తు వేసింది. అది ముప్పయ్యోది. జైనబ్ గడియారం నొక్కేముందు మెల్లగా అంది. “డ్రా.”

చేయి చాపింది.

జీవిత ఆ చేతి కింది నుంచి మంత్రిని జరిపింది.

జైనబ్ చేయి కొద్దిసేపు పలక మీద అట్లాగే ఉంది. తరువాత వెనక్కి తీసుకుని పెన్ను పట్టుకుని జీవిత వేసిన ఎత్తు రాసుకుంది. ఇంకా కొన్ని ఎత్తులు నడిచాయి. అన్నీ ఆడింది. మధ్యలో వదిలేయలేదు. రాజుకు దారి లేక మాత్ అయ్యాక కాగితం మీద సంతకం చేసి, జీవిత కాగితం మీద కూడా చేసి, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి లేచింది.

బయట సలోమి ఎదురొచ్చింది. “అయిపోయిందా?”

“అయింది” అంది జీవిత.

“రాజీ అయిండ్రా?”

“గెలిచిన.”

అఖ్తర్ బేగం నీళ్ల సీసా మూత తీసి పట్టుకుని ఉంది. ఎప్పుడూ చిన్నపిల్లకే ముందు ఇచ్చేది. అప్పుడూ జీవితకే ఇచ్చింది. జీవిత సగం తాగి జైనబ్‌కు ఇచ్చింది. జైనబ్ తాగింది.

బహుమతులు సాయంత్రం ఇచ్చారు. వరంగల్ పిల్ల రెండో స్థానం కప్పు తీసుకుంది. మేం బస్సు ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. పిల్లలిద్దరూ ఒక సీట్లో కూర్చున్నారు. వెనక సీట్లో నేను. తల్లులిద్దరూ వేర్వేరు సీట్లలో కూర్చున్నారు.

జోగిపేట దాటాక జైనబ్ అడిగింది. “ఎప్పుడు చూసినవ్?”

“గుర్రం లేసినప్పుడే.”

“నేను గూడ చూసిన. గడియారం నొక్కినంక చూసిన.”

“మరి?”

“నువ్వు వెయ్యవనుకున్న.”

 జీవిత జైనబ్ భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. జైనబ్ నారాయణఖేడ్ దాకా కదలకుండా కూర్చుంది.

ఇంట్లో సలోమి కప్పును బియ్యం డబ్బా వెనక పెట్టింది. జీవితను ముందు కూర్చోబెట్టుకుంది.

“నాతోని సరే అన్నవా, లేదా?”

“అన్న.”

“మరి ఎందుకు చేసినవ్?”

“గుర్రం లేసింది మమ్మీ.”

“నేను చెప్పింది యాదికి లేదా?”

“ఉన్నది.”

“ఉండంగనే చేసినవా?”

“ఉన్నది మమ్మీ. గాని ఆడ గడి ఖాళీ అయింది.”

సలోమి చేయెత్తింది. మా అమ్మ మధ్యలోకి వచ్చింది. “దాన్ని కొడితే ఏమొస్తదే. పెద్దోళ్లు మీరు కూసోని చేసిన పంచాయితి, దాని నెత్తిన పెడితిరి.” సలోమి చేయి దించి పెరట్లోకి పోయింది. గోడకున్న తలుపు దాకా పోయి, తీయకుండా తిరిగి వచ్చింది.

ఫకీర్ మియా మాకు ఎదురుపడి ఏమీ అనలేదు. దుకాణం ముందు నుంచి పోతుంటే సలాం చేశాడు. బడి తెరవకముందే జైనబ్‌ను బస్సెక్కించాడు. మాకు చెప్పలేదు. ఆ రోజు జీవిత పెరట్లో గిన్నెల ముందు కూర్చుని, “ఆపా, ఈ ఫోర్” అని కేకేసింది. జవాబు రాకపోతే మళ్లీ కేకేసింది.

“ఆపా లేదు బేటా” అంది అఖ్తర్ బేగం గోడ అవతల నుంచి. “పొద్దుగాల్ల బీదర్ పోయింది.”

జీవిత గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

సలోమి ఆ రోజే గోడ తలుపు తీసి అవతలికి పోయింది. నేను వెనక పోయాను. అఖ్తర్ బేగం చాటలో కందిపప్పు చెరుగుతోంది.

“అక్కా, పాలు మాఫ్ చెయ్యి” అంది సలోమి. “నీ కాళ్లు పట్టుకుంట.”

“కూసో.”

“మాఫ్ చేసిన అను.”

అఖ్తర్ బేగం చాట కింద పెట్టింది. “నువ్వు అడగాల్సిన పని లేదు సలోమీ. ఆ పొద్దు నేను పాలు ఊకెనే ఇచ్చిన. మొన్న దానికి ధర చెప్పిన. అంతే. అల్లా నాకు చూపిచ్చిండు. నీ బిడ్డను నేనేం అంటలేను.”

“అక్కా, తిట్టు. రెండు దెబ్బలు గొట్టు.”

“ఎందుకు కొడుత?” అంది ఆమె. మళ్లీ చాట ఎత్తుకుంది.

ఇంటికి వచ్చాక సలోమి అన్నం తినలేదు. ఆ రోజు నుంచి జీవితకు జడ వేయడం మా అమ్మ పనైంది. సలోమి పిల్లను తిట్టలేదు, కొట్టలేదు. అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది. ఇది చెయ్యి, అది చెయ్యొద్దు అని చెప్పడం మానేసింది. ఏదైనా చెప్పాలంటే నాతో చెప్పించేది.

జాతీయ పోటీ జూన్ ఆఖరులో జరిగింది. సలోమి రాలేదు. సుధాకర్, నేను పోయాం. పదమూడేళ్లలోపు ఆడపిల్లల్లో దేశంలో మొదటి స్థానం జీవితకు వచ్చింది. ఒక్క ఆట కూడా ఓడలేదు. నాలుగో రోజు ఒక పిల్ల డ్రా అడిగితే, “ఇంకా ఉన్నది ఆట” అందట. సుధాకర్ ఆ మాట అందరికీ చెప్పాడు. పెద్ద పత్రికలన్నీ ఆ మాట వేశాయి. పెద్ద ఆటగాళ్లను తయారుచేసిన ఒకాయన జీవిత ఆటలు చూసి, ఈ పిల్ల ఎక్కడిదాకా పోతుందో చెప్పడానికి లేదని రాశాడు. ఆ ఆటల్లో సంగారెడ్డి ఆఖరి ఆట కూడా ఉంది. ఒంటెను వదులుకున్న ఎత్తు దగ్గర ఆయన గొప్ప ఎత్తుకు గుర్తుగా రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టాడు.

మేం తిరిగి వచ్చేసరికి వానలు పడి కంది విత్తుతున్నారు. ఊళ్లో ఊరేగింపు చేశారు. చర్చిలో ప్రార్థన చేశారు. ఫంక్షన్ హాల్లో సన్మానం చేసి శాలువా కప్పారు. వ్యాపారులు టేకు పలక, పావులు ఇచ్చారు. వేదిక మీద తల్లిని కూడా పిలిచారు. సలోమికి జ్వరమని చెప్పాను.

హైదరాబాద్ బడి వాళ్లు జూలైలో రమ్మన్నారు. పిల్ల చిన్నది కాబట్టి తల్లో తండ్రో కొంతకాలం దగ్గర ఉంటే మంచిదన్నారు.

“నువ్వు పో” అంది సలోమి.

“తల్లివి నువ్వు. నువ్వుంటే మంచిది గద.”

“నేను పోను.”

“చిన్నపిల్ల సలోమీ. దానికి తెల్వదు.”

“దానికి తెల్సు. నాకు సరే అన్నది, అది అబద్ధం కాదు. నిజంగనే అన్నది. ఆడ కూసున్నంక నేను లేను, జైనబ్ లేదు, ఎవ్వరు లేరు దానికి. నాకు భయమైతది. నా బిడ్డను చూస్తే నాకు భయమైతది. గీ మాట నేను ఎవలికి చెప్పుకోవాలె?”

నేను హైదరాబాద్ డెస్కుకు బదిలీ అడిగాను. ఇచ్చారు. సలోమి, మా అమ్మ నారాయణఖేడ్‌లోనే ఉండాలని తేల్చుకున్నాం.

బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నం జీవిత టేకు పలక చంకన పెట్టుకుని పెరట్లోకి పోయింది. ఎక్కడికని అడిగితే, “అమ్మీ దగ్గరకు” అంది. గోడ తలుపు గడియ తీసింది. నేను వెంట పోయాను.

అఖ్తర్ బేగం పొయ్యి మీద అన్నం పెట్టి గడప దగ్గర కూర్చుని ఉంది. జీవితను చూసి జరిగి చోటిచ్చింది. జీవిత పలక నేల మీద పెట్టి పావులు ఒక్కొక్కటే పేర్చింది. ఆట మొదలుపెట్టేటప్పటి పేర్పు కాదు. సగం పావులు పలక బయటే ఉన్నాయి.

“ఇది ఆ రోజుది అమ్మీ” అంది. “ఇగ చూడు. ఆపా గుర్రం ఈడ ఉన్నది. ఈడ్నే ఉంచితే నేను ఏం చెయ్యలేను. ఏనుగు జరిపినా సరిపోతుండె. గీ బంటు జరిపినా సరిపోతుండె. అప్పుడు డ్రానే. ఆపా దీన్ని తీసి ఈడ వేసింది.” గుర్రాన్ని తీసి మధ్యలో పెట్టింది. “అప్పుడు నేను ఒంటెతోని కొట్టిన. ఇగ ఎట్ల పోయినా మాత్. ఎటు పోయినా చూపిస్త చూడు.”

చూపించింది. రాజును ఒకవైపు జరిపి మాత్ చేసింది. మళ్లీ వెనక్కి తెచ్చి, ఇంకోవైపు జరిపి మాత్ చేసింది. అఖ్తర్ బేగం ఆమె వేళ్ల వైపు చూస్తూ కూర్చుంది. అంతా అయిపోయాక పలక మీదికి వంగింది.

“ఇందుల నా బిడ్డ ఏది?”

జీవిత ఒక్క క్షణం ఆలోచించి నల్ల రాజు తల మీద వేలు పెట్టింది.

“మరి నువ్వేది?”

జీవిత తెల్ల పావుల మీద కళ్లు తిప్పింది. మంత్రిని చూసింది, ఏనుగులను చూసింది, రాజును చూసింది. చాలాసేపు చూసింది.

“నేను ఇందుల లేను అమ్మీ” అంది. “నేను ఆడేదాన్ని.”

“నా బిడ్డ గూడ ఆడేదే” అంది అఖ్తర్ బేగం.

లోపల అన్నం పొంగి పొయ్యి మీద పడిన చప్పుడైంది. ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని లేచి లోపలికి పోయింది. జీవిత నల్ల రాజు మీద పెట్టిన వేలు తీయలేదు.